విండ్సర్: నది దాటించే ఊరు

కెనడా ఎల్లప్పుడూ అమెరికాకు ఉత్తరానే ఉంటుందని నమ్మే పాఠకులకు ఈ మాసం ఒక చిన్న ఆశ్చర్యం. ఆంటారియో రాష్ట్రంలోని విండ్సర్ నగరం నుండి అమెరికాలోని డెట్రాయిట్‌కు పోవాలంటే ఉత్తరముఖంగా ప్రయాణించాలి. నడుమనున్నది సుమారు అర మైలు వెడల్పు గల డెట్రాయిట్ నది.

1749లో ఫ్రెంచి రైతులు స్థిరపడిన ఈ తీరానికి 1836లో విండ్సర్ అన్న పేరు, 1892లో నగర హోదా లభించాయి. అయితే ఈ ఊరి అసలు చరిత్ర నది దాటివచ్చినవారిది. బ్రిటిష్ సామ్రాజ్యంలో 1834లో బానిసత్వ నిర్మూలన చట్టం అమలులోకి వచ్చింది. అమెరికాలోనో, పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలలో సైతం పట్టి యజమానులకు అప్పగించాలని 1850లో చట్టం చేశారు. ఇక ఈ నదిని దాటడమే వారికి శరణ్యమైంది. వారి రహస్య సంకేత భాషలో డెట్రాయిట్ పేరు 'అర్ధరాత్రి'. అలా వచ్చినవారు శాండ్‌విచ్ పేటలో (పేరు చూచి నవ్వరాదు, అది ఇంగ్లండులోని ఒక ఊరి పేరు) నదీతీరపు మట్టితో స్వయంగా ఇటుకలు చేసుకొని 1851లో కట్టుకొన్న బాప్టిస్టు చర్చి నేటికీ నిలిచి ఉన్నది.

ఇంజనీర్లమైన మమ్ము ఆకర్షించేది మాత్రం అంబాసిడర్ వంతెన. 1929 నవంబరులో ప్రారంభమైనపుడు దాని 1,850 అడుగుల ప్రధాన స్పాను ప్రపంచంలోని వేలాడే వంతెనలన్నింటిలోకీ పొడవైనది. ఆ కీర్తి రెండేళ్లే నిలిచిందనుకోండి. దాని కేబుళ్లకు మొదట హీట్ ట్రీట్‌మెంట్ చేసిన ఉక్కు తీగను వాడారు. లెక్కల ప్రకారం అది ఎక్కువ బలమైనది. కాని 1929 ఆరంభంలో, అదే రకం తీగ వాడిన రోడ్ ఐలండులోని మౌంట్ హోప్ వంతెనలో తీగలు తెగసాగాయి. విండ్సరులో అప్పటికే కేబుళ్లు నది మీదికెక్కాయి. నిర్మాతలు వాటిని మొత్తం దింపివేసి, అలవాటైన కోల్డ్ డ్రాన్ తీగతో మళ్లీ అల్లించారు. పూర్తయిన పనిని తామే విప్పించడం ఎంత కష్టమో సైటులో పనిచేసినవారికే తెలుసు. దానికి సంతకం చేసిన చేతులకు మా నమస్కారం.

మరుసటి ఏడు, 1930లో, నది అడుగున వాహనాల సొరంగం తెరుచుకొన్నది. ఉక్కు గొట్టాలను తేల్చి తెచ్చి, నదీగర్భంలో తవ్విన కందకంలో ముంచి అతికిన పని అది.

1904 నాటి ఫోర్డు కర్మాగారం, 1858 నాటి మద్యం బట్టీ, మద్యనిషేధ కాలపు దొంగరవాణా కథలు వేరొక వ్యాసానికి సరిపడా ఉన్నాయి. అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకొనే తెలుగు పిల్లలను చూడబోయే తల్లిదండ్రులు వంతెన కోసం వెతకనక్కరలేదు, అది ఆవరణ పక్కనే ఉన్నది. సాయంవేళ నదీతీరపు శిల్పాల ఉద్యానంలో నడిస్తే, ఎదుట డెట్రాయిట్ దీపాలు నీటిలో కనబడతాయి. కొంత దిగువన 853 మీటర్ల స్పానుతో గోర్డీ హౌ వంతెనను నిర్మించారు. దాని రెండు కొసలూ 2024లో నది నడుమ కలిశాయి. ఈసారి కేబుళ్ల తీగను ఎన్ని విధాల పరీక్షించారో తెలుసుకోవాలని మా కోరిక.