ధూల్‌పేటకు ఏ కెమెరా?

వినాయక చవితికి నెల ముందు ధూల్‌పేటలో అడుగుపెట్టిన ఫొటోగ్రాఫర్ ఉత్త చేతులతో వెనక్కి రాడు. టార్పాలిన్ల కింద వరసగా తెల్లటి గణపతులు. కొన్నింటికి ఇంకా చేతులు అతకలేదు, కొన్నింటికి అప్పుడే కిరీటం మీద బంగారు రంగు పడుతోంది. అందుకే ఏటా పత్రికల్లో ఒకే ఫొటో చూస్తుంటాం... నిచ్చెనెక్కి విగ్రహానికి కన్ను దిద్దుతున్న కుర్రాడు. బాగుంటుంది. కిందటేడూ బాగుంది!

ఈ పేటది రెండో ఫొటో కూడా మీకు గుర్తుండే ఉంటుంది. ఎక్సైజ్ దాడి. ఒకప్పుడు పగలగొట్టిన గుడుంబా కుండలు, ఈమధ్య గంజాయి పొట్లాలు, పక్కనే ముఖానికి గుడ్డ కట్టుకుని నిలబడ్డ మనుషులు. ఇంటర్వ్యూలో 'మీదే ఏరియా?' అని అడిగితే 'ధూల్‌పేట' అని చెప్పాల్సిన కుర్రాడికి ఆ రెండో ఫొటో ఎంత బరువో ఊహించుకోండి.

ఈ రెండింటికీ మధ్య ఒక పేట మొత్తం బతుకుతోంది. దాన్ని చూపించడమెలా? ఫొటో జర్నలిస్టులు వెతుక్కున్న దారుల్లో ఒకటి, చేతిలోని పరికరాన్ని మార్చడం. కెమెరాదేముంది, చూసే కన్ను ఉండాలి అంటారు పెద్దలు. నిజమే. కానీ కెమెరా మారితే ఫొటోగ్రాఫర్ నిలబడే చోటు మారుతుంది. ఎదుటి మనిషి తీరూ మారుతుంది.

పొడుగు లెన్సు సంగతే చూడండి. దూరం నుంచి, ఎవర్నీ అడక్కుండా తీసేయొచ్చు. కానీ దాంతో తీస్తే వెనకున్నవన్నీ ముందుకొచ్చి మీద పడినట్టు కనిపిస్తాయి. మామూలు గల్లీ కూడా ఇరుగ్గా, గుబులు పుట్టించేలా ఉంటుంది. వెడల్పు లెన్సుతో ఆ ఆటలు సాగవు. మనిషి ఫ్రేములో కాస్త పెద్దగా కనిపించాలంటే రెండు మూడడుగుల దూరానికి వెళ్లాలి. అంత దగ్గరికెళ్లాక 'క్యా భాయ్, కైసా చల్రా?' అనక తప్పదు. అన్నాక చాయ్ తాగకా తప్పదు.

ఫొటో స్టూడియోల్లో ఉండే యాషికా గుర్తుందా? రెండు కళ్ల డబ్బా కెమెరా. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి గాజులోకి చూస్తూ తీయాలి. రీలుకి పన్నెండే ఫొటోలు. తన ముందు తల వంచి నిలబడ్డవాణ్ని చూసి ఎవరు బెదురుతారు చెప్పండి? ఇప్పటికీ కొందరు దాన్ని మెళ్లో వేసుకుని తిరిగేది పాత వస్తువుల మోజుతో మాత్రమే కాదు.

ఇక ఫోను. 2010లో న్యూయార్క్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ డేమన్ వింటర్ అఫ్గానిస్థాన్‌లో అమెరికా సైనికుల్ని ఐఫోన్‌తో, హిప్‌స్టమాటిక్ అనే యాప్‌తో తీశాడు. అవి ఆ పత్రిక మొదటి పేజీకెక్కాయి. మరుసటేడు ఓ పెద్ద పోటీలో బహుమతి కూడా వచ్చేసరికి గొడవ మొదలైంది. యాప్ తనంతట తానే రంగులు మార్చేస్తుంటే అది వార్తా ఫొటో ఎలా అవుతుందని. సైనికులు కూడా ఒకరినొకరు ఫోన్లతోనే తీసుకుంటారు, కాబట్టి ఫోన్ ముందు వాళ్లు ఇబ్బంది పడలేదని వింటర్ జవాబు. రంగుల విషయంలో విమర్శకులదే న్యాయమనిపిస్తుంది నాకు. బెదురు విషయంలో మాత్రం ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

అయితే ఏ కెమెరాతో తీసినా ఫొటో మూగదే. కింద రెండు వాక్యాలు రాసేది ఎవరు? ఆఫీసులో ఏసీ గదిలో కూర్చున్న మేము! అందుకే ఫొటోకి గొంతు కలపడం మొదలైంది. 2009లో అదే న్యూయార్క్ టైమ్స్ 'వన్ ఇన్ ఎయిట్ మిలియన్' పేరుతో నగరంలోని మామూలు మనుషుల్ని ఒక్కొక్కరిగా పరిచయం చేసింది. టాడ్ హైస్లర్ తీసిన నలుపు తెలుపు ఫొటోలు, వెనక ఆ మనిషి గొంతులోనే కథ. అంతే. దానికి ఎమ్మీ అవార్డు వచ్చింది. మన దగ్గర పాలగుమ్మి సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన 'పరి' కూడా రాత, ఫొటో, గొంతు, వీడియో అన్నింటినీ ఒక్కచోట పెడుతోంది. తెలుగులోనూ చదవొచ్చు. కాకపోతే అది పల్లెల కోసం.

ధూల్‌పేటలో మైకు పెడితే ఏం వినిపిస్తుంది? గరుకు కాగితం గీరుడు, రంగు చిమ్మే మిషను రొద, లోధీ కుటుంబాల హిందీ యాస. విగ్రహాలు చేసేవాళ్లు కళ గురించి కాదు, వాన గురించి మాట్లాడతారు. పని ముమ్మరమయ్యేది సరిగ్గా వానల్లోనే మరి. ముసురు పడితే ప్లాస్టర్ ఆరదు, ఆరకపోతే రంగు పట్టదు, అమ్ముడుపోనిది ఏడాదంతా ఇంట్లోనే. సారా కాయడం మానేసిన ఇంటికెళ్లి 'ఆ తర్వాత ఏం దొరికింది?' అని అడగండి. వచ్చే జవాబు ఏ ఫ్రేములోనూ ఇమడదు.

2008లో కెనాన్ ఫైవ్-డీ మార్క్ టూ వచ్చాక ఒకే కెమెరాతో ఫొటో, మంచి వీడియో రెండూ వీలయ్యాయి. యాజమాన్యాలకు మహా సంతోషం... ఒక జీతానికి రెండు పనులు! ఏకకాలంలో రెండూ చేయబోతే రెండూ చెడతాయని ఫొటోగ్రాఫర్లకే తెలుసు.

పరికరాలతో తేలని చిక్కు ఇంకొకటుంది. కెమెరా కనిపించగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే ఆడవాళ్లు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్‌కు ఈ నగరంలోనే ఇలాంటి చిక్కు వచ్చింది. పరదా పాటించే స్త్రీలు మగవాడి కెమెరా ముందుకు రారు. ఆయన 1892లో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. మార్చింది కెమెరాని కాదు, కెమెరా వెనకాల ఉండే మనిషిని.

ధూల్‌పేటలోనూ ఫోను పట్టుకుని తిరిగే ఆడపిల్లలున్నారు. వాళ్లమ్మ వాళ్ల ముందు కొంగు అడ్డం పెట్టుకోదుగా! ఏదైనా పత్రిక వాళ్లలో ఒకరిద్దరికి ఒక మైకు కొనిచ్చి, ఈ చవితి నుంచి సంక్రాంతి పతంగుల దాకా ఏం తెస్తారో చూస్తే బాగుండు.