అంటు కట్టిన కొమ్మ

నిరుడు వేసవిలో ఒక సాయంత్రం నాకు పై ప్రాణాలు పైనే పోయినంత పనైంది. కారణం వింటే నవ్వుతారు కాబోలు: అరచేతిలో ఇమిడే ఒక డిస్కు.

అది మామూలు డిస్కు కాదు లెండి. మా పెర్కిట్‌లో పసుపు పండించే ఇళ్లకు పోయి, తవ్వడం మొదలు ఉడకబెట్టడం, ఎండబెట్టడం, మెరుగు పెట్టడం దాకా పెద్దవాళ్లు వాడే మాటలను వాళ్ల గొంతులతోనే ఎక్కించుకున్నాను అందులో. కాడి ఏదో, మండ ఏదో మా పెద్దమ్మ విడమరిచి చెప్పిన గంటన్నర అక్కడే ఉంది. ఆవిడ ఇప్పుడు లేదు. ఇంకొక ప్రతి తీసి దాచుకోవాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాను. తెలుగు పంతుళ్లకు అనుకోవడం బాగా వచ్చు.

ఆ రోజు కాలేజీ కంప్యూటరుకు డిస్కు తగిలించి పని చూసుకుని, కంప్యూటరు ఆపేసి, డిస్కు లాగి జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. ఇంట్లో ఉన్నది లినక్స్. తగిలిస్తే ‘మౌంట్ కాలేదు’ అంది. మళ్లీ తగిలించాను. మళ్లీ అదే పాట. తెలిసినాయన ఒకరికి ఫోను చేస్తే, “పోయినట్టే సార్, ఫార్మాట్ కొట్టేయండి” అన్నాడు. ఫార్మాట్ అంటే పలక తుడిచేయడమే. కంగారులో చెయ్యి అటు పోయింది కూడాను.

సమయానికి మేనల్లుడు వచ్చాడు. “మామా, జర ఆగు! దాని మీద ఒక్క అక్షరం గూడ రాయనియ్యకు. ముందుగాల అదేమంటుందో సూద్దాం” అన్నాడు.

ఇంతకీ ఈ మౌంట్ అంటే ఏమిటి? విండోస్‌లో ఒక్కొక్క డిస్కు ఒక్కొక్క ఇల్లు. సి అని, డి అని తలుపు మీద అక్షరం ఉంటుంది. యూనిక్స్ వంశంలో అలా కాదు. అంతా ఒకటే చెట్టు. కొత్త డిస్కు వచ్చిందంటే ఆ చెట్టు కొమ్మల్లో ఒకదానికి అంటు కట్టాల్సిందే. ఆ అంటు కట్టడమే మౌంట్. 1969లో బెల్ లాబ్స్‌లో పుట్టిన యూనిక్స్‌కు 1971లో వచ్చిన మొదటి కరదీపికలోనే ఈ ఆజ్ఞ ఉంది. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌దీ అదే ఆచారం. అంటు నిలవలేదంటే కొమ్మ చచ్చిందని కాదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

మావాడు మొదట ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ అని కొట్టాడు. పరిమాణంతో సహా డిస్కు పేరు కనబడింది. అంటే తీగ బాగుంది, డిస్కు పలుకుతోంది. అక్కడ పేరే లేకుంటే ముందు తీగ మార్చి చూడాలి. తరవాత మౌంట్ ఆజ్ఞను చేత్తో కొట్టించి, అది చెప్పిన కారణాన్ని చివరిదాకా చదివించాడు. (అది సరిగా చెప్పకపోతే ‘డీఎంఈఎస్‌జీ’ అని కొడితే కెర్నెల్ రాసుకున్న దినచర్య కనబడుతుందట.)

తప్పు నాదే! విండోస్ మర్నాడు చప్పున లేవడానికి ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒక ఉపాయం చేస్తుంది. ఆపేయమంటే పూర్తిగా ఆగదు, సగం నిద్ర పోతుంది. అప్పటికి తగిలించి ఉన్న డిస్కు లెక్కలు కొన్ని తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. అవి తేలకముందే నేను డిస్కు లాగేశాను. ఒకరు తేల్చని ఖాతాలో ఇంకొకరు వేలు పెడితే ఖాతా పాడవుతుందని లినక్స్ ముట్టుకోనంది. నేను మొండితనం అనుకున్నది పెద్దమనిషి తరహా అన్నమాట.

‘ఆర్‌ఓ’ అనే షరతు ఒకటుంది. చదువుతాను, రాయను అని ఒప్పుకోవడం. ఆ షరతు మీద అంటు కట్టాడు. నిలిచింది! ఫైళ్లన్నీ ఇంటి కంప్యూటరులోకి ఎత్తడానికి అర్ధరాత్రి దాటింది. మరమ్మతు మాట ఆ తరవాతే. మర్నాడు డిస్కును ఆ కాలేజీ కంప్యూటరుకే తగిలించి, తప్పులు సరిచూపించి, పద్ధతిగా సెలవు పుచ్చుకుని తీశాను. షిఫ్ట్ మీట నొక్కి పట్టి ఆపితే విండోస్ నిజంగానే ఆగుతుందని కూడా తెలుసుకున్నాను.

లినక్స్ సొంత డిస్కులైతే సరిచూడడానికి ‘ఎఫ్‌ఎస్‌సీకే’ ఉంది. అంటు విప్పాకే వాడాలి. అంటు ఉండగా వాడితే ఉన్నదీ పోతుంది.

అంటు విప్పడంలోనూ ఒక తమాషా ఉంది. ఆ రాత్రే విప్పబోతే ‘పనిలో ఉంది’ అని మొరాయించింది. ఏ పనీ లేదే అని నేను విసుక్కుంటుంటే మావాడు నవ్వాడు. నేను తెరిచిన టెర్మినల్ ఆ డిస్కులోనే కూర్చుంది! కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడి కథ మనం పిల్లలకు చెబుతాం. యంత్రానికి ఎవరు చెప్పారో!

ఇంకొకటి మరిచాను. అంటు నిలవని రోజు చూసుకోకుండా ఆ ఖాళీ కొమ్మ మీదే ఫైళ్లు పెడితే, తరవాత అంటు నిలిచాక అవి కనబడవు. పోవు, మరుగున పడతాయంతే. విప్పితే మళ్లీ ప్రత్యక్షం.

అన్నట్టు, ఆ అర్ధరాత్రి నకలు పూర్తయ్యాక ఒక ఫైలు మోగించి చూశాం. ముందు గాలి, వాకిట్లో కోడి. ఆపైన పెద్దమ్మ: “ఏం బిడ్డా, నడుస్తుందా అది?”