ఇండ్లలోని పాత తుపాకులు

చేల రక్షణకై, గొట్టపు మూతి నుండి మందు దట్టించెడు తుపాకికి సేద్యగాండ్రు లైసెన్సు పొందవచ్చునని 1959 నాటి ఆయుధ చట్టము చెప్పుచున్నది. తాతగారితో ఆ లైసెన్సు తీరిపోవును. తుపాకి మాత్రము అటకమీదనే యుండును. అందు మందున్నదో లేదో ఇంటి పిల్లల కేమి తెలియును?

వారసులు జాగుసేయక దానిని ఠాణాలోగాని, లైసెన్సుగల వర్తకుని యొద్దగాని ఉంచవలెనని చట్టము. మనసొప్పక కొందరు కమ్మరిచేత గొట్టమున సీసము పోయించి, ఇక భయము లేదందురు. ఇది పొరపాటు. సీసము కాచినచో కరగును. తుపాకి మరల పేలును.

2015 జనవరిలో పారిసునగరమున హంతకులు వాడిన తుపాకులలో కొన్ని, మ్రోత మాత్రమే చేయునట్లు మార్చి అమ్మబడినవే. వానిని మరల మార్చిరి. ఆ యేడే ఐరోపా సమాఖ్య, తుపాకి ముఖ్యభాగములన్నియు తిరిగి బాగుచేయ వీలులేకుండ చెరుపవలెననియు, పరీక్షించి ముద్రవేసి పత్రమీయవలెననియు నియమము చేసి, 2016 ఏప్రిలు నుండి అమలుపరచినది.

వరంగల్లు రైతు తాత గురుతును గోడకు తగిలించుకొన గోరినచో, అట్టి పరీక్ష జిల్లాలోనే జరుగవలెనని మా కోరిక. రుసుము స్వల్పముగ నుండవలెను. లేనిచో జనులు కమ్మరి కొలిమికే పోదురు. అంతవరకు మన సభ్యులు తుపాకిని ఠాణాలో నప్పగించి, రసీదు తప్పక పుచ్చుకొందురుగాక.