అపరిచితునకొక లేఖ

గత వేసవిలో నాకొక లేఖ వచ్చినది. తపాలా జవాను తెచ్చినది కాదు. ఉద్యోగులును, వర్తకులును, ఉద్యోగార్థులును పరస్పరము పరిచయము చేసికొనుటకై 2003లో అమెరికాలో ప్రారంభమై, 2016లో మైక్రోసాఫ్టు చేతిలోనికి పోయిన లింక్డిన్ అను అంతర్జాల వేదిక ద్వారా నా ఫోనునకు చేరినది. "గౌరవనీయులకు నమస్కారములు. విద్యారంగములో తమ కృషి మాకెంతో స్ఫూర్తిదాయకము. మేము రూపొందించిన బోధనోపకరణము తమ సంస్థ అభివృద్ధికి మిక్కిలి తోడ్పడగలదు. పదునైదు నిమిషముల సమయము కేటాయింపగలరా?" అని దాని సారాంశము.

క్రింద పేరు చూచితిని. తొమ్మిది, పది తరగతులలో నా యెదుట కూర్చుండి తెలుగు చదువుకొన్న కుర్రవాడు! నేను ఉద్యోగ విరమణ చేసి నాలుగేండ్లయినది. ఇప్పుడు నాకొక సంస్థయు లేదు, దానికి అభివృద్ధియు అక్కరలేదు. అతడు నా పేరు చదువలేదు. అంతకు రెండు వారముల ముందు అతడు పంపిన పరిచయపు అభ్యర్థనను కళ్లజోడు లేకుండనే అంగీకరించిన నేను మాత్రము అతని పేరు చదివితినా? లేదు. రెండేండ్లు ప్రతిదినము ఒకరి ముఖమొకరు చూచుకొన్నవారము, యంత్రము లెక్కలో పరిచయస్థులమై, నిజమునకు అపరిచితులమైతిమి.

లేఖలోనున్న నంబరుకు ఫోను చేసితిని. "అయ్యో మాస్టారూ, మీరా! క్షమించండి, చూడకుండా పంపేశానండీ" అని ఎంతయో నొచ్చుకొనెను. మెల్లగా సంగతులు చెప్పెను. దినమునకు ఎనుబది లేఖలు పంపవలెనని అతనికి ఆజ్ఞ. లేఖ ఒక్కటే, పేరు మాత్రము యంత్రము మార్చును. వరుసగా మూడు నెలలు నిర్ణయించిన అమ్మకము చూపనిచో ఉద్యోగముండదు. తండ్రికి మోకాళ్ల నొప్పులు, సేద్యము మానినాడు. చెల్లెలు నర్సింగు చదువుచున్నది. "జవాబులు వచ్చునా?" అని అడిగితిని. "వేళ్లమీద లెక్కపెట్టవచ్చండీ" అనెను.

అమ్మకము చిన్నపని యనియు, బాగుగ చదివినవాడు దానిలోనికి దిగరాదనియు పలుకు ఉపాధ్యాయ మిత్రులు నాకు కొందరు కలరు. వారితో నేనేకీభవింపను. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారుచేసి, దానిని సంగీత సభలలో శ్రోతలకు ఉచితముగా పంచిపెట్టిరని చెప్పుదురు. గంటల తరబడి కదలక కూర్చున్నవానికి తల దిమ్మెక్కుట సహజము. అందులో గాయకుని దోషమేమియు ఉండనక్కరలేదు. మందు ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు కావలసియుండునో ఆయన ఎరుగును. ముందు ఇచ్చి, పిమ్మట అడిగిరి. ఆ వ్యాపారము చేసిన మనుష్యుడే 1908లో ఆంధ్రపత్రికను స్థాపించెను. ఎదుటివాని అవసరమును కనిపెట్టుట చిన్నపని యైనచో వైద్యమును, బోధనయు చిన్నపనులే కావలెను.

పరిచయములు పెంచుకొనుటను గూడ నేను నిందింపను. మార్క్ గ్రానోవెటర్ అను అమెరికను సమాజశాస్త్రజ్ఞుడు 1973లో ప్రకటించిన యొక వ్యాసములో చిత్రమైన సంగతి నిరూపించెను. బోస్టను సమీపమునగల న్యూటను పట్టణములో, తెలిసినవారి మూలమున ఉద్యోగము సంపాదించిన వారిని ఆయన ప్రశ్నించెను. ఉద్యోగ వార్త మోసికొని వచ్చినవారు ఆప్తమిత్రులు కారు. ఎప్పుడో ఒకనాడు కనబడు ముఖపరిచయము వారే ఎక్కువ. ఏలనన, మన ఆప్తులకు తెలిసినది మనకును తెలిసియే యుండును. క్రొత్తమాట దూరపువాని వద్దనే దొరకును. లింక్డిన్ సభ్యులు సుమారు 2 కోట్ల మందిపై కొన్నేండ్లు జరిగిన ప్రయోగముల ఫలితములు 2022లో సైన్స్ పత్రికలో వెలువడినవి. అవియు ఇంచుమించు ఈ మాటనే చెప్పినవి, ఒక్క సవరణతో: మితముగా దూరమైన పరిచయము మేలుచేయును గాని, మరీ పేరునకు మాత్రమే మిగిలిన పరిచయము అంతగా చేయదు.

ఆ సవరణయే నాకు ముఖ్యము. మా పాఠశాలలో చదివిన పిల్లలకు కార్యాలయములలో మేనమామలు లేరు. ఒకప్పుడు సిఫారసు ఉత్తరము లేనిదే గుమ్మము దాటనీయని చోట్లకు నేడు ఒక పల్లెటూరి పిల్ల తన గదిలో కూర్చుండి లేఖ వ్రాయగలదు. ఇది చిన్న సంగతి కాదు. కనుకనే ఆ ద్వారమును ఎనుబదేసి లేఖలతో మూసివేయుట నాకు బాధ కలిగించుచున్నది. ఈ లేఖలు చదివి చదివి విసిగినవాడు, రేపు నిజమైన అవసరముతో వ్రాసిన పిల్ల ఉత్తరమును కూడ తెరువకయే త్రోసివేయును. ఆ వేదికవారే ఈ సంగతి గ్రహించినట్లున్నారు. పరిచయము లేనివారికి సొమ్ము చెల్లించి వ్రాయు లేఖ నొకదానిని, ఇన్‌మెయిల్ అనుదానిని, వారు అమ్ముదురు. తొంబది దినములలో జవాబు వచ్చినచో ఆ లేఖ వెలను తిరిగి జమకట్టుదురు. అనగా జరిమానా జవాబు రాని లేఖకే!

తప్పు ఆ కుర్రవానిదనియో, వాని యజమానిదనియో చెప్పి ఊరకుండవచ్చును. కాని ముప్పదియేండ్లు లేఖారచన బోధించినవాడను. నా వంతు నేను దాచుకొనజాలను. పరీక్షలో మనము వ్రాయించు లేఖ యెట్టిది? పేరుండవలసిన చోట నాలుగు ఇంటూ గుర్తులు. "నేనిచ్చట క్షేమము, నీవచ్చట క్షేమమని తలంతును." ఎవడా నీవు? విహారయాత్ర వర్ణించుచు ఆ లేని మిత్రునకు ఏటేట లక్షలాది బాలురు లేఖలు వ్రాయుచున్నారు. స్థలము, తేది, సంబోధన, సంతకము, చిరునామా: అన్నింటికి మార్కులున్నవి. చదువబోవువాడెవడో తలచుకొని వ్రాసినందులకు మార్కు లేదు. ఆ కుర్రవానికి పూర్తి మార్కులు వేసినవాడను నేనే. నేర్పినదే అతడు చేయుచున్నాడు. జీతము వచ్చుచున్నది, అంతియే భేదము.

సంవత్సరమున కొక్కటియైన నిజమైన లేఖ వ్రాయింపరాదా? బస్సు వేళ మార్పుమని డిపో మేనేజరునకో, పుస్తకము గూర్చి దాని రచయితకో, పేరు కనుగొని, బిళ్ల అంటించి, పెట్టెలో వేయింపవచ్చును. జవాబు రావచ్చును, రాకపోవచ్చును. ఎట్టి లేఖకు వచ్చినదో, ఎట్టి దానికి రాలేదో పిల్లలే తేల్చుకొందురు.

ఆ మరుసటి ఆదివారము కుర్రవాడు మా యింటికి వచ్చెను. ఇద్దరము కలిసి ఒక్క లేఖ వ్రాసితిమి, ఒక చిన్న పాఠశాల ప్రధానోపాధ్యాయినికి. ఆమె తన పుటలో ఏమేమి వ్రాసికొనినదో ముందుగా చదివించితిని. సాయంకాలపు బస్సు వేళకై చివరి గంటలోనే లేచిపోవు పిల్లలకు గణితము వెనుకబడుచున్నదని ఆమె ఒకచోట వాపోయినది. మా లేఖ నాలుగు వాక్యములు. అందులో పొగడ్త లేదు. ఆ పిల్లలు ఇంటివద్ద పాఠము చూచుకొనుటకు వీలున్నదా, ఫోనులున్నవా అను ప్రశ్న యొకటి మాత్రమున్నది. దానికి మాకు గంటపైన పట్టినది. "మాస్టారూ, ఇలా రోజుకు ఎనభై ఎలా రాయను?" అని అడిగెను. నాయొద్ద సమాధానము లేకపోయెను.

నాలుగవ నాడు ఆమె జవాబు వ్రాసినది. తమ పిల్లలలో ఫోనులున్నవారు తక్కువ, ఆ ఉపకరణము తమకు పనికిరాదనియు, ప్రక్క మండలములోని మరియొక పాఠశాల వారికి కావలసియుండవచ్చుననియు చెప్పి, అచ్చటివారి పేరిచ్చినది. కుర్రవాడు సంతోషముతో నాకు ఫోను చేసెను. ఆ జవాబును అతని పై అధికారి అమ్మకముగ లెక్కవేసెనో, వృథాగ లెక్కవేసెనో నేనడుగలేదు.