శిశుపోషణము: గడపకడ కన్నీరు

పెదపాడు వంటి మాగాణి గ్రామములలో ఊడ్పుల దినములు వచ్చెనన్న తల్లికి తెల్లవాఱకమునుపే పని మొదలగును. మూడేండ్ల బిడ్డను అంగన్‌వాడికి కొనిపోవును. గడపకడ బిడ్డ కొంగు పట్టుకొని యేడ్చును. అప్పుడు పలువురు తల్లులు చేయునదేమి? బిడ్డ బొమ్మవంక చూచుచుండగా చల్లగా జారుకొందురు. సోదరీమణులారా, ఇది మేలు కాదని మా యభిప్రాయము.

తల్లి మరల వచ్చునని బిడ్డకు గడియారము చెప్పజాలదు, అనుభవమే చెప్పవలెను. చెప్పక పోయినచో, అమ్మ యే క్షణమున మాయమగునో యని బిడ్డ యింటిలోను కొంగు విడువదు. కావున బిడ్డ చేయి పంతులమ్మగారి చేతిలో పెట్టి, “పోయి వచ్చెదను తల్లీ, నీవు అన్నము తినిన పిమ్మట వచ్చెదను” అని చెప్పి పొండు. ఏడ్చిన నేడ్వనిండు. చెప్పిన వేళకు మాత్రము తప్పక రండు. కొన్నాళ్లకు ఆ యేడుపు తగ్గును. అమ్మ మాట నిజమను నమ్మకము నిలుచును.

“ఇన్నాళ్లకు అఆలైన వచ్చినవా?” అని యింటి పెద్దలు అడుగుదురు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమున, మూడు మొదలు ఆఱేండ్లవఱకు గల పిల్లలకు ఆటపాటలతో బడికి పూర్వపు విద్య నేర్పుటయు నొక భాగము. అందు అక్షరములు కొంచెమే. ఇంట ముద్దుబిడ్డకు అడుగకమునుపే అన్నియు అందును. అచ్చట ఒక బంతికి పదిమంది. తన వంతు వచ్చువఱకు ఆగుట, పడినవానిని లేవదీయుట, కోపమును చేతితోగాక మాటతో తెలుపుట, ఇవి యొంటరిగా నేర్చునవి కావు.

అమెరికాలోని యిప్సిలాంటి పట్టణమున 1962లో ఆరంభమైన పరిశోధనమున 123 మంది పేదపిల్లలను నలుబదియేండ్ల ప్రాయమువఱకు గమనించిరి. పసితనమున బడికి పోయినవారికి తెలివి పరీక్షలలో మొదట కలిగిన యాధిక్యము కొన్నియేండ్లకే తఱిగిపోయెను. కాని ఉన్నత పాఠశాల చదువు ముగించినవారు వారిలోనే హెచ్చు. నేరములలో చిక్కినవారు తక్కువ. నిలిచినది నడవడి. అచ్చటి ఉపాధ్యాయినులు వారమునకొకమాఱు తల్లులను ఇండ్లకడ కలిసికొనుచుండిరనుటయు మఱువరాదు. బడి యొక్కటియే చాలదు. ఇల్లును తోడు కావలెను.

పొలమునకో కొలువునకో పోవు తల్లి, బిడ్డకు అన్యాయము చేయుచున్నానని కుములవలదు. సాయంకాలమున బిడ్డను ఒడిలోనికి తీసికొని, ఏ యక్షరము వచ్చెనని గాక, “నేడు ఎవరితో ఆడుకొంటివి?” అని యడుగుడు. ఆ జవాబులో బిడ్డ యెదుగుదల మీకే తెలియగలదు.