ఇంటి చప్పుడు, దారి చప్పుడు

మన విద్యార్థులలో ఇంచుమించు ప్రతివాని యింటను నేడు ధ్వనిని పట్టి నిలుపు యంత్రమొకటి యున్నది. దానిని మనము ఫోను అని పిలుచుచున్నాము గాని, అది చేయగల పనులలో ఈ పనిని తలచువారు అరుదు. 1877 సంవత్సరమున ఎడిసన్ అను అమెరికా దేశస్థుడు ఫోనోగ్రాఫును నిర్మించినపుడు లోకము అబ్బురపడెను. పండ్రెండేండ్ల పిమ్మట, 1889లో, జర్మనీ దేశమున లుడ్విగ్ కోక్ అను బాలుడు తన యింట పెంచుకొనుచున్న పక్షి పాటను మైనపు గొట్టముపై పట్టెను. నేటికి మిగిలియున్న పక్షికూతల ముద్రణలలో అదియే మొదటిదని యందురు. ఆ పక్షి మన దేశపు అడవులలో నుండు పొదనల్లంచి. ఆ బాలుడు దానికొరకై అడవులు పట్టి తిరుగలేదు. తన యింటనున్న దానినే చెవియొగ్గి వినెను. నేను చెప్పదలచిన మాటకు ఇంతకంటె మంచి సాక్ష్యము నాకు దొరకదు.

దూరదేశములకు పోయినపుడు యంత్రమును తెరచి, ఇంటికి రాగానే మూయుట మన వాడుక. ఈ తప్పు నేనును చేసితిని. 2024 ఫిబ్రవరిలో టేకుమట్ల నుండి మేడారము జాతరకు పోయితిని. చిలకలగుట్ట నుండి సమ్మక్కను తోడ్కొని వచ్చువేళ పోలీసు అధికారి గాలిలోనికి తుపాకి పేల్చుట, జనులు ఒక్క గొంతుతో ఘోషించుట, కోయల డోళ్లు, అన్నియు పట్టితిననుకొంటిని. ఇంటికి వచ్చి విందును గదా, తుపాకి ధ్వని చిటికెనవ్రేలితో బల్లపై తట్టినట్లున్నది; ఫోనులోని యంత్రాంగము పెద్ద ధ్వనిని తనంతట తానే అణచి, చిన్నదానిని పెంచును. డోళ్ల వెనుక ధ్వనివర్ధకమొకటి, తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుచు, గంటలకొలది సాగినది. అంతయు పాడైపోయినదని అపుడు విసుగుకొంటిని. ఇపుడు మాత్రము ఆ పేర్ల పిలుపునే మరల మరల వినుచున్నాను. జాతర యనగా నది కాదా?

ఆ ప్రయాణము వలన నాకొక లాభము కలిగినది. తిరిగివచ్చిన మరునాటి వేకువను నా చెవులు క్రొత్తవైనట్లు తోచెను. వాకిట సాన్పు చల్లు చప్పుడు, తడినేలపై చీపురు గీత, పాలడబ్బాల మోత, దూరమున పొలములో మోటారు ఆరంభమగునపుడు వచ్చు మూలుగు, తాటియాకుల గలగల: పుట్టినది మొదలు వినుచున్నవే యైనను, ఆనాడే విన్నట్లుండెను. కావున ప్రయాణము వద్దని నేననను. అది చెవిని కడుగును. కడిగిన చెవితో వినవలసినది మాత్రము ఇంటివద్దనే యున్నది.

ఏలయనగా దగ్గరి ధ్వని చెప్పకుండ పోవును. మా తాతల కాలమున ఈ ప్రాంతపు బావులన్నిటి మీదను మోటలు నడచెడివి. ఎడ్లు వాలుదారిలో దిగునపుడు గిరక కిరకిరలాడుట, తోలుబొక్కెన పైకి వచ్చి నీరు తొట్టిలో దబాలున పడుట, ఎడ్లు వెనుకకు నడచునంతసేపు మోట తోలువాడు పాట సాగదీయుట, ఇవి మాకు వినికిడి మాటలే. కరెంటు మోటారు వచ్చినది. నీరు సుఖముగా వచ్చినది. దానికి నేను విచారింపను. కాని మా యూరి మోట యొక్క ఒక్క నిమిషపు ధ్వనియైనను మా యింట లేదు. పోవునని యెవ్వరును అనుకొనలేదు.

అనుకొనినవారికిని అజాగ్రత్త తప్పదు. మా నాయనమ్మ పాడు దంపుడు పాటను 2019లో ఫోనులో పట్టితిని. మరుసటి యేడు ఆమె గతించెను. ఆ పిమ్మట ఫోను చెడి బాగుచేయించుటకు ఒక దుకాణమున కిచ్చితిని. వారు బాగుచేసిరి, లోనున్నదంతయు తుడిచివేసిరి. రెండవ ప్రతి చేసికొనని తప్పు నాది. ఇప్పుడు నాకు రెండు చరణముల మాటలు జ్ఞాపకమున్నవి, గొంతు లేదు.

మాటలు వ్రాసికొనిన చాలదా యని కొందరడుగుదురు. వరంగల్లు సీమవారే యగు బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములపై పరిశోధించి 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి. వారి శ్రమ లేనిచో ఎన్నియో పాటల జాడయే యుండెడిది కాదు. అయినను పుస్తకములో పాట యొక్క మాటలుండును గాని, పాడుచు నడుమ ఊపిరి పీల్చిన తావు ఉండదు. అమెరికా పండితుడు జీన్ రోగైర్, అలిశెట్టి గాలేయ్య పాడిన పల్నాటి వీరులకథను టేపుమీద పట్టి, ఆ పాటనుండియే ఆంగ్లమున గ్రంథము సిద్ధపరచి 1982లో ప్రకటించెను. పరదేశి వచ్చి మన గొంతును భద్రపరచుట మెచ్చదగినదే. మనమేల చేయలేదను ప్రశ్న మాత్రము నిలిచియున్నది. సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోను తెలుగులోను పాడెడి సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024 జూనులో ఆయన పోయెను. బిరుదు వచ్చిన గొంతును పదిమంది పట్టియుందురు. బిరుదు రాని గొంతులు మన వాడలలో నున్నవి.

మనకు కంటిపై నున్న ప్రీతి చెవిపై లేదు. మానేటిపై ఓడేడు, గర్మిళ్లపల్లి గ్రామముల నడుమ 2016లో ఆరంభించిన వంతెన దూలములు 2024 ఏప్రిల్ నెలలో ఒకరాత్రి గాలికి కూలినవి. నేను చూచిన వార్తలన్నిటిలో పటములే యున్నవి. ఆ రాత్రి నది యొడ్డున నున్నవారికి ఏమి వినబడెనో అడిగినవారిని నేనెరుగను.

పట్టువారికి రెండు మూడు మాటలు చెప్పెదను. గాలి నేరుగా తగిలినచో యంత్రములో బుసబుస తప్ప మరేమియు పడదు. పలుచని స్పంజి చుట్టుకొనుడు. చేయి కదలింపకుడు, ముఖ్యముగా మాటలాడకుడు. కుదించని రూపమున, అనగా వేవ్ రూపమున, దాచుకొనుడు. రెండు పాయలుగా పట్టినచో నిమిషమునకు సుమారు 11 మెగాబైట్లు పట్టును, పట్టనిండు. చివర తేది, స్థలము, పాడినవారి పేరు మీ గొంతుతోనే పలుకుడు. పేరు లేని ధ్వని తల్లిదండ్రులు లేని బిడ్డవంటిది. పేరు పలుకుటకైనను, అసలు పట్టుటకైనను ముందుగా వారి యనుమతి గైకొనుడు. చావు ఇంట ఏడ్పును దొంగచాటుగా పట్టువానిని నేను క్షమింపజాలను.

డప్పును గూర్చి వేరుగా చెప్పవలయును. గడ్డిమంటపై కాచినకొలది చర్మము బిగిసి స్వరము హెచ్చును. సిర్ర దెబ్బ, చిటికెనపుల్ల దెబ్బ వేర్వేరుగా వినబడునట్లు, కాచకముందొకసారి, కాచిన పిమ్మట నొకసారి పట్టిచూడుడు. ఊరేగింపులో పట్టినచో ఈ భేదము దొరకదు. వాయించువారి వాకిట కూర్చుండవలయును. వారు మంచము వేయుదురు, చాయ యిత్తురు, తమ తాతను గూర్చి చెప్పుదురు. యంత్రమును అపుడును ఆపకుడు.

నా విషయమునకు వచ్చినచో, గర్మిళ్లపల్లి వైపు మానేటి యిసుకలో తీతువుపిట్ట కూతను పట్టుటకు మూడు రాత్రులు పోయితిని. మూడు రాత్రులును ఇసుక లారీల మోతయే పడినది. దానిని తుడిచివేయలేదు, తేది పలికి దాచితిని. రెండు ప్రతులు చేసితిని. నాలుగవ రాత్రికి పోవలసియున్నది.