ఆదివారము సాయంకాలము ఏడు గంటలు

“కంప్యూటరు తనంతట తానే నకళ్లు తీసికొనుచున్నది గదా, మనకు విచారమేల?” అను మాట తరచుగ వినబడుచున్నది. తానే తీయుట సత్యమే. కాని వేళను నిర్ణయించినవారెవరు? విండోస్ 7తో వచ్చి, విండోస్ 10, 11లలో కూడ మిగిలియున్న బ్యాకప్ సాధనము, మన మేమియు చెప్పనిచో, వారమున కొకసారి, ఆదివారము సాయంకాలము 7 గంటలకు నకలు తీయును. ఆ ముహూర్తము మన పనిపాటలను విచారించి పెట్టినది కాదు.

ఒక చిన్న సంఘమున జరిగినది చూచితిని. సభ్యుల పట్టికను, చందాల లెక్కను సోమవారము మొదలు టైపు చేసిరి. శనివారము సాయంకాలము డిస్కు చెడెను. నకలు లేకపోలేదు, అది గడచిన ఆదివారము నాటిది. రసీదు పుస్తకములు బీరువాలో నుండబట్టి చందాల లెక్కను మరల వ్రాయగలిగిరి. చిరునామా మారినదని నోటిమాటగా చెప్పిపోయినవారిని మాత్రము మరల వెదకి అడుగవలసివచ్చెను. యంత్రమును నిందింపనేల? దానికి ఎవరును ఏమియు చెప్పియుండలేదు.

ఎన్ని గంటల పనిని మరల చేయుటకు మనము సిద్ధమో ముందు తేల్చుకొనవలయును. ఒక దినపు పని పోయినను సహింపగలమన్నచో దినమున కొక నకలు చాలును. కంట్రోల్ ప్యానెల్‌లో దినమును, వేళను మార్చుటకు అట్టే సేపు పట్టదు. ఆ వేళకు యంత్రము నడచుచుండవలెను సుమా! ఆఱు గంటలకే తాళము వేయు కార్యాలయమునకు ఏడు గంటల ముహూర్తమేల? మధ్యాహ్న భోజన సమయము మేలు.

విండోస్‌లోనే యున్న ఫైల్ హిస్టరీ, మార్పక విడిచినచో, గంట కొకసారి నకలు తీయును. పది నిమిషములకు తగ్గింపవచ్చును, దినమున కొకసారిగ మార్పవచ్చును. పది నిమిషములు నాకు అతిగ తోచుచున్నది. పాత ప్రతులను ఎంతకాలము ఉంచవలెనో చెప్పనిచో అన్నిటిని శాశ్వతముగ దాచును. తుదకు డిస్కు నిండును. మాక్ యంత్రములలోని టైమ్ మెషీన్‌కు గంట బదులు దినమో, వారమో ఎంచుకొను వీలు 2022లో వెంచురాతో వచ్చినది.

నకలు తప్పిపోకుండ డిస్కును సదా తగిలించియే యుంచవలెనని కొందఱందురు. నేనంగీకరింపను. దస్త్రములకు తాళము వేసి సొమ్మడుగు దుష్టప్రోగ్రాము ప్రవేశించినచో, తగిలించియున్న నకలును కూడ విడువదు. రెండు డిస్కులుంచి వారమున కొకసారి మార్చుచు, ఒకదానిని వేఱొకరి యింట దాచవలయును. ఇది మాత్రము యంత్రము చేయజాలని పని. కావున ఏ వారము ఎవరి వంతో కాగితముపై వ్రాసి గోడకు అంటింపవలెను.